నూటపది లోడ్ల మెరక

మా వైపు ఇల్లు కట్టాలనుకున్నవాళ్ళు ముందు ఇటుకలు కొనరు, మట్టి తోలిస్తారు. స్థలం రోడ్డుకన్నా కనీసం మూడడుగులు లేవాలి. దాన్నే మెరక అంటాం. పక్కింటాయన మూడడుగులు లేపితే మనం మూడున్నర లేపుతాం. ఆ తర్వాత కొత్త రోడ్డు పడి అది నాలుగడుగులు అవుతుంది. అందరికన్నా ముందు కట్టుకున్నవాడి గుమ్మంలోకి నీళ్ళొస్తాయి. వాడు మంచమ్మీద కూర్చుని లోకాన్నంతా తిడతాడు. డెల్టాలో పుట్టినవాళ్ళకి ఇదంతా ఒకరు చెప్పక్కర్లేదు.

రెండువేల ఆరో సంవత్సరం వానాకాలంలో మెరక వంతు మాకొచ్చింది.

అప్పటికి పదకొండేళ్ళుగా తెనాలి పాతబోదె కాలనీలో అద్దెకుంటున్నాం. కాలనీ పేరులో బోదె, అంటే చిన్న పంటకాలువ, ఉంది గాని, అదెక్కడుందో చూపించమంటే ఎవరూ చూపించలేరు. మా మామగారు బసవపున్నయ్యగారు రేపల్లె అవతలున్న పొలం అమ్మి, మేముండే వాటాకి ఎదురుగా, కాలనీలో మిగిలిన ఆఖరి ఖాళీ స్థలం కొన్నారు. కార్తీకంలో శంకుస్థాపన, వైశాఖంలో గృహప్రవేశం అని ఆయన లెక్క. మా ఆయన హేమంత్ ఎరువుల కొట్లో గుమాస్తా. ఇంటి సంగతులన్నీ తండ్రికి వదిలేసి, ఆనక వాటి మీద విసుక్కునే మనిషి. నేను ఒక ప్రైవేటు సర్వేయరు దగ్గర ప్లాన్లు గీసేదాన్ని. ఊళ్ళో ఎన్నో ఇళ్ళకి నా చేత్తో గీసిన ప్లానులున్నాయి, నాకు మాత్రం ఇల్లు లేదు. ఈ మాట నవ్వుతూనే అనేదాన్ని గాని, లోపల నవ్వేం ఉండేది కాదు.

గీతలు గీయడం వచ్చు కాబట్టే వార్డు కమిటీలో ఇరుక్కున్నాను. సునామీ తర్వాత బాపట్లలో ఒక స్వచ్ఛంద సంస్థవాళ్ళు పని మొదలుపెట్టారు. తుఫాను వచ్చాక బియ్యం పంచడం కాదు, ఊరు పెరిగేటప్పుడే నీళ్ళ దారి చూసుకుని పెరగాలని వాళ్ళ మాట. వార్డుకి ఇద్దర్ని పిలిచి జూన్‌లో మూడు రోజులు శిక్షణ ఇచ్చారు. మా వార్డు నుంచి నేనూ, జకరయ్యగారూ వెళ్ళాం. ఆయన ముప్పయ్యేళ్ళు కాలువల మీద లస్కరుగా చేసి రిటైరైన మనిషి. తూము తలుపులు ఎత్తడం, దించడం, వానలో గట్టు వెంట నడవడం ఆయన ఉద్యోగం.

మాకు పాఠం చెప్పిన అమ్మాయి పేరు గీతిక. పాతికేళ్ళు దాటి ఉండవు. పట్టణాల ప్లానింగు చదివొచ్చిందట.

"మ్యాపు మేము గీసిస్తే మా ఆఫీసు గోడమీద ఉంటుందండి. మీరు గీసుకుంటే మీకు గుర్తుంటుంది" అంది. "నీళ్ళు నడిచే దారిని నీలం గీతతో చూపించండి. ఆ గీత పడ్డచోట ఇల్లు కట్టకూడదని మీ కమిటీయే తీర్మానం చేస్తుంది. దాన్ని పట్టణం కొత్త ప్లానుకి జత చేయించే పూచీ మాది."

"జత చేస్తే వింటారాండీ ఎవరైనా?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"వినేదాకా అడుగుదామండి" అంది. ఆ అమ్మాయి మాట నిజంగానే నమ్మి అంటోందని తెలుస్తూనే ఉంది. నాకు ఆ వయసులో అంత ఓపిక ఉండేదా అనుకున్నాను. తిరుగు రైల్లో జకరయ్యగారు కిటికీలోంచి ప్రతి కాలువనీ పలకరించినట్టు చూస్తూ కూర్చున్నారు.

జులైలో ఒక ఆదివారం స్కూలు మైదానంలో మ్యాపు వేశాం. కాగితం అనేసరికి వెనక్కి జరిగిన ఆడవాళ్ళు, నేలమీద ముగ్గే అనేసరికి కొంగులు బిగించి ముందుకొచ్చారు. రోడ్లకి ముగ్గుపిండి, ఇళ్ళకి పసుపు, నీళ్ళకి బట్టల నీలిమందు కలిపిన సుద్ద. వెనక సందులో ఉండే నాగమ్మ పిన్ని అందరికన్నా హడావిడి. నాలుగు గేదెల పాలు పోసుకుంటూ, మంచం దిగలేని అత్తగారు కమలమ్మని చూసుకుంటూ బతికే మనిషి.

"నా ఇల్లు చిన్నదే గాని మా గేదెల పాక పెద్దది. అట్టాగే గియ్యండి" అని పట్టుబట్టి పాకకి రెండు దోసిళ్ళ పసుపు పోయించింది.

"గేదెలకి ఓటుందేంటి పిన్నీ?" అన్నారెవరో.

"ఓటున్నోళ్ళు ఏం చేశారు? అవైతే పాలిస్తున్నాయి" అంది.

చివర్లో జకరయ్యగారు చెప్పులు విడిచి నీలం బకెట్టు అందుకున్నారు. మైదానం ఆ చివర రైలుకట్ట గీసిన చోట మొదలుపెట్టి, సుద్ద జారవిడుస్తూ నడిచారు.

"కట్ట కింద తూములోంచి దిగుద్దండీ. బడి పక్కనించి వచ్చుద్ది. ఇదుగో, ఈ మూలకాడ మళ్ళుద్ది." మళ్ళి, ఆయన మా స్థలంలోకి అడుగుపెట్టారు. "ఇక్కడ పల్లం. రెండు రోజులు నిలబడుద్ది. ఆనక ఈ నైరుతి మూల నించి పెద్ద మురుగుకాలవలోకి దిగిపోద్ది. పాతబోదె ఇదేనండీ. పూడిపోయింది గాని, వానొస్తే దాని దారి దానికి తెలుసు."

కాలనీలో నలభై ఇళ్ళ నీళ్ళు ఆగేది మా స్థలంలోనే అన్నమాట. స్కూలు వరండాలో కుర్చీ వేసుకుని చూస్తున్న మా మామగారు లేచి నిలబడ్డారు.

"ఏమయ్యా జకరయ్యా, అది నా స్థలం."

"తమరిదేనండీ పెద్దయ్యగారూ. నేను నీళ్ళ సంగతి చెబుతున్నానండి."

"చుట్టూ అందరూ మట్టి తోలుకుని నా స్థలాన్ని పల్లం చేశారు. ఇప్పుడు పల్లం గనక కట్టొద్దంటారు. ఇదెక్కడి న్యాయం?"

 ఆయనన్నది అబద్ధం కాదు. ప్రతి ఇంటివాళ్ళూ తమ పసుపు గడి దగ్గరే నిలబడి కాళ్ళ వంక చూసుకున్నారు. ముగ్గు చూడ్డానికి బాపట్ల నుంచి వచ్చిన గీతిక తన పుస్తకంలో ఏదో రాసుకుంది.

ఆ సాయంత్రం ఆయన కాఫీ తాగుతూ అడిగారు. "అమ్మాయ్, ఆ ముగ్గుని కాగితం మీదికి ఎక్కించేది ఎవరు?"

"నేనేనండి."

ఆయన గ్లాసు కింద పెట్టారు. నాతో కాదన్నట్టు చెప్పడం మొదలుపెట్టారు. "డెబ్బై ఏడు ఉప్పెనలో మా ఇంటికీ పక్కవాళ్ళ గడ్డివామి దొడ్డికీ ఇరవై అడుగుల దూరం. వాళ్ళది మెరక. మీ ఆడపడుచుని భుజానేసుకుని ఎక్కాను. మా అమ్మ కోసం మళ్ళీ దిగుదామని తిరిగితే, దిగడానికి కింద నేల లేదు." ఆ మాట ఆయన నోట పెళ్ళయిన కొత్తలో ఒకసారి విన్నాను. మళ్ళీ అదే వినడం. "ఉషశ్రీ పల్లంలో పడుకోకూడదమ్మా. ఆ నీలం గీత కాస్త పక్కకి జరిగితే కొంపలేం మునగవుగా?"

ఉషశ్రీ మా అమ్మాయి. నాలుగో తరగతి. అప్పుడు అక్కడే కూర్చుని ఎక్కాలు రాసుకుంటోంది.

ఆయన బలవంతపెట్టారని చెప్పుకుంటే నాకు సుఖంగా ఉండేది. కాని ఆయన అడిగారంతే. నాకూ ఇల్లు కావాలి. వంటింటి కిటికీ ఎటు పెట్టాలో, గట్టు ఎంత ఎత్తుండాలో, పప్పుల డబ్బాలు ఏ అరలో పెట్టుకోవాలో పదకొండేళ్ళుగా గీసుకుంటూ వచ్చాను. మర్నాడు సర్వేయరుగారి ఆఫీసులో, భోజనాలవేళ అందరూ వెళ్ళాక, ట్రేసింగు కాగితం పరిచాను. రైలుకట్ట, తూము, బడి, అన్నీ జకరయ్యగారు నడిచినట్టే వచ్చాయి. బడి మూల మలుపు దగ్గర పెన్ను ఆగింది. అక్కడ మా స్థలంలోకి తిప్పాల్సిన గీతని తిప్పకుండా, తిన్నగా వెనక సందులోకి దించేశాను. కాగితం మీద అది అర అంగుళం కూడా కాదు. ఆ సందులో ఆరిళ్ళున్నాయి. రెండోది నాగమ్మ పిన్నిది.

మ్యాపు స్కూలు గోడకి అంటించారు. కమిటీవాళ్ళు కింద సంతకాలు పెట్టారు. జకరయ్యగారు కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయి వచ్చారు. "అమ్మగారు గీసిందేగా, చూసేదేముంది" అని చూపించిన చోట పెట్టారు. నాగమ్మ పిన్నికి చదువు రాదు గాని, తన గేదెల పాక ఎక్కడుందో వెతుక్కుని, దాని మీద వేలు పెట్టింది.

"అమ్మాయ్, మా గుమ్మం ముందు ఈ నీలం ఏంటి?"

"నీళ్ళొచ్చే దారి పిన్నీ."

"నేను కాపురానికొచ్చి ముప్పయ్యేళ్ళయింది, మా సందులోకి ఎప్పుడూ రాలేదే. ముగ్గులో మీ స్థలంలోకి పోయినట్టు గుర్తు."

"కొలతలు వేస్తే ఇట్లా వచ్చింది."

"అంతేలే. ముగ్గుకీ మ్యాపుకీ తేడా ఉండదూ?" అని తనే నాకు సాయం పట్టింది. ఆ పూట నాకు అన్నం సయించలేదు. మర్నాటికి సయించింది. మనిషికి ఏదైనా సయిస్తుంది.

ఆగస్టు నుంచి ట్రాక్టర్లు దిగాయి. వేమూరు వైపు ఎవరో చేపల చెరువు తవ్విస్తుంటే ఆ మట్టి. ఉషశ్రీ బడి నుంచి రాగానే గోడమీద బొగ్గుతో గీతలు పెట్టి లోడ్లు లెక్కపెట్టేది. నూటపది దగ్గర ఆగింది. మా మామగారు వాస్తు ప్రకారం నైరుతి అన్నిటికన్నా ఎత్తు చేయించి, దిమ్మిసతో కొట్టించారు. ఒకరోజు జకరయ్యగారు వచ్చి ఆ మూల నిలబడ్డారు.

"పెద్దయ్యగారూ, ఈ మూల అడుగున ఒక గొట్టం వేయించకూడదాండీ? సిమెంటు గొట్టం. పైకి కనపడదు."

"నైరుతికి కన్నమా? ఇల్లు నిలుస్తుందటయ్యా?"

"గొట్టం ఉంటే వాస్తు పోద్దేమో గానండీ, లేకపోతే..." అని ఆగిపోయారు. వెళ్తూ వెళ్తూ, నన్ను చూడకుండా, "నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్నారు గదండీ పెద్దలు" అన్నారు. గోడమీది మ్యాపుని ఆయన ఆ మధ్య కళ్ళజోడుతో చూశారో లేదో నాకు తెలియదు. అడిగే ధైర్యం లేకపోయింది.

సెప్టెంబరులో సంస్థవాళ్ళు వార్డు కుర్రాళ్ళతో ఒక దళం కట్టి, తుఫాను వచ్చినట్టు ఒక నాటకం ఆడించారు. ఈలలు, ఎర్ర జెండాలు, నవారు మంచమ్మీద మోసుకుపోవడం. మోయించుకునే మనిషిగా నాగమ్మ పిన్ని పడుకుంది. "మెల్లగారా నాయనా, నేనింకా చావలేదు" అని దారంతా వాళ్ళని అదిలిస్తూనే ఉంది. ఆ నెలలోనే బాపట్లలో అన్ని వార్డుల మ్యాపులూ గోడకి పెట్టారు. గీతిక మా మ్యాపు ముందు నిలబడి, పాతికమంది ముందు, ఇంత శుభ్రంగా, ఇంత వివరంగా ఎవరూ గీయలేదని చెప్పింది. నాకు శాలువా కప్పారు. మెడ దగ్గర గుచ్చుకుంటున్నా సభ అయ్యేదాకా తీయకుండా కూర్చున్నాను.

అక్టోబరు ఆఖరి వారంలో ముసురు పట్టింది. శనివారం రేడియోలో తుఫాను హెచ్చరిక చెప్పారు. తీరం బాపట్ల దగ్గర దాటవచ్చన్నారు. శంకుస్థాపన ముహూర్తం ఇంకా పదిహేను రోజులుంది. మెరక మీద రేకుల షెడ్డు వేసి అప్పటికే సిమెంటు బస్తాలు దింపి ఉన్నాం. మా మామగారు శనివారమంతా గొడుగు వేసుకుని వాటికి టార్పాలిన్ పట్టాలు కప్పించే పనిలో ఉన్నారు.

ఆ శనివారమే నాగమ్మ పిన్ని అత్తగారిని మంచంతో సహా స్కూల్లోకి చేర్పించింది. గేదెల్ని రైలుకట్ట మీదికి తోలించింది. బియ్యం డబ్బా అటకెక్కించింది. ఊరుకోక సందులో మిగతా ఐదిళ్ళ తలుపులూ బాదింది. "మ్యాపులో మనమే ఉన్నాం, లేవండర్రా" అని. వాళ్ళు విసుక్కుంటూనే లేచారట.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి వార్డు దళం వాళ్ళ ఈలలు వినపడ్డాయి. నేనూ మామగారూ మెరక మీదికి వెళ్ళి నిలబడ్డాం. హేమంత్ కొట్లో ఎరువు తడుస్తోందని తెల్లారుతూనే వెళ్ళాడు. తూములోంచి నీళ్ళు బడి పక్కగా వచ్చాయి. బడి మూల మలుపు దగ్గరికొచ్చి, ఎప్పట్లా మా వైపు తిరిగి, మెరకకి తగిలి, వెనక్కి జరిగాయి. అక్కడే కాసేపు సుడి తిరిగాయి. తర్వాత తిన్నగా వెనక సందులోకి దిగాయి. నేను గీసినట్టే.

పదకొండయ్యేసరికి సందులో రొమ్ములోతు. దిగడానికి నైరుతి దారి లేదు కాబట్టి అక్కడే నిలబడి పెరుగుతున్నాయి. రెండిళ్ళ గోడలు ఒకదాని వెనక ఒకటి కూలిన చప్పుడు వినపడింది. మనుషులు అప్పటికే స్కూల్లో ఉన్నారు. దూడ తాడు తెంచుకుని వెనక్కి పరిగెత్తిందని దానికోసం వెళ్ళిన నాగమ్మ పిన్ని ఒక్కతే, దాన్ని ఎత్తుకుని, జకరయ్యగారి చెయ్యి పట్టుకుని మా మెరక ఎక్కింది. జాకెట్టు దాకా బురద. వస్తూనే దూడని దింపి, నా రెండు చేతులూ పట్టుకుంది.

"ఇదుగో, ఈ పిల్ల మూలానే బతికాం ఆరిళ్ళవాళ్ళం. నువ్వు గీసినట్టే వచ్చినయ్ తల్లీ నీళ్ళు! వెంట్రుకవాసి తేడా లేదు" అని నా చేతులు కళ్ళకద్దుకుంది.

నేను చేతులు లాక్కోలేదు.  ఆమె చేతులు చల్లగా ఉన్నాయి. సిగ్గంటే ఏంటో నాకు ఆ వానలో తెలిసింది. జకరయ్యగారు వానలోకి చూస్తూ నిలబడ్డారు. ఆయనకి అంతా తెలుసని అప్పుడర్థమైంది.

షెడ్డు రేకు కింద మా మామగారు గొడుగు మడిచి పట్టుకుని ఉన్నారు. దగ్గరికి రమ్మని చెయ్యి ఊపారు.

"ఏంటమ్మా అది? నువ్వు గీసినట్టు రావడమేంటి?"

"వెనక సందులోకి గీశానండి."

"నేనన్నానని జరిపావా?"

"మీరన్నారని కాదండి. నాకూ కావాలనిపించింది."

ఆయన సందు వైపు చూశారు. నాగమ్మ పిన్ని ఇంటి చూరు, పాక మీది తాటాకులు కనపడుతున్నాయి, ఎవరిదో నీలం ప్లాస్టిక్ బిందె తేలుతూ తిరుగుతోంది. 

"నలభయ్యేళ్ళు వ్యవసాయం చేశాను" అన్నారు. "పై చేనివాడి నీళ్ళకి ఒక్కనాడూ కట్ట వెయ్యలేదు. వేసినవాణ్ణి పంచాయితీలో నిలబెట్టాను కూడా. ఇది స్థలం అనుకున్నాను గాని, చేను అనుకోలేదు."

అని, సిమెంటు బస్తాల వెనకనుంచి గునపం తీశారు.

"జకరయ్యా, పాతబోదె ఎక్కడ?"

జకరయ్యగారు కొలవలేదు, వెతకలేదు. నేరుగా నైరుతికి వెళ్ళి కాలి బొటనవేలితో నేల తట్టారు. "ఇక్కడండి."

మొదటి పోటు మా మామగారే వేశారు. అరవై ఏడేళ్ళ మనిషి, పంచె పైకి ఎగగట్టుకుని. దిమ్మిసతో కొట్టించిన మట్టి, గునపం దిగదు. రెండో పోటుకి జకరయ్యగారు పార పట్టుకున్నారు. తర్వాత దళం వాళ్ళు నలుగురు వచ్చారు. నేనూ తట్ట ఎత్తాను. నాగమ్మ పిన్ని దూడని షెడ్డు రాటకి కట్టేసి, "అయ్యో, మీ మెరకని మీరే తవ్వుకుంటారేంటండీ, ముహూర్తం ముందు" అంటూనే నా పక్కన తట్ట అందుకుంది. గంటన్నర పట్టింది. స్థలానికి అడ్డంగా సందు నుంచి మూల దాకా ఒక మనిషి పట్టేంత గాడి. ఆఖరి మట్టిపెళ్ళ ఊడగానే నీళ్ళు దాన్ని తోసుకుంటూ వచ్చాయి. ఆ తర్వాత మేము తవ్వక్కర్లేకపోయింది. అవే కోసుకున్నాయి. ఉషశ్రీ లెక్కపెట్టిన లోడ్లలో ముప్పయ్యో నలభయ్యో ఎర్రగా కరిగి మురుగుకాలవలోకి పోతుంటే, మా మామగారు సిమెంటు బస్తా మీద కూర్చుని చూశారు. మూడింటికి సందులో నీళ్ళు మోకాటికి దిగాయి.

సాయంత్రం హేమంత్ వచ్చి చూసి నిలువునా నీరైపోయాడు. "ముహూర్తం పెట్టుకుని గండి కొట్టుకుంటారా ఎవరైనా? ఆరిళ్ళవాళ్ళూ స్కూల్లోనే ఉన్నారుగా, ఎవరూ పోలేదుగా!" అన్నాడు. ఆయన కోపంలో న్యాయం లేకపోలేదు. ఇల్లు ఆయన కలలో కూడా ఉంది, మేమెవరం ఆయన్ని అడగలేదంతే. తండ్రీకొడుకులు ఆ తర్వాత ఒకే గదిలో కూర్చుని టీవీ చూసేవాళ్ళు గాని మాట్లాడుకునేవాళ్ళు కాదు. నాతో హేమంత్ మాట్లాడేవాడు, బిల్లులు కట్టావా, పాలు తెచ్చావా అని. డిసెంబరులో మా మామగారు రేపల్లెలో కూతురింటికి వెళ్ళారు. పది రోజులని వెళ్ళినవారు సంక్రాంతికీ రాలేదు, ఉగాదికీ రాలేదు. స్టేషన్‌లో దింపడానికి వెళ్ళినప్పుడు, రైలు కదిలేముందు, "ఆ గాడి పూడ్చనివ్వకు" అని ఒక్కటే చెప్పారు.

నేను బాపట్ల వెళ్ళి గీతికకి నిజం చెప్పాను. ఆ అమ్మాయి బల్లమీది కాగితాలు సర్దుతూ విని, "రిపోర్టు వెళ్ళిపోయిందండి" అంది. "ప్రాణనష్టం లేని వార్డు మీదొక్కటే. దాన్నే ముందు పేజీలో పెట్టారు." ఆమె కళ్ళకింద నలుపు అప్పుడే చూశాను. తుఫాను తర్వాత నెలరోజులు నిద్రపోయి ఉండదు. "వచ్చే ఏడు మ్యాపు మార్చేటప్పుడు సరిచేద్దామండి" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

మళ్ళీ జూన్ వచ్చింది. ఈసారి ముగ్గుకి ఎవరూ రాలేదు, మీటింగుకి పదిమంది వచ్చారు. కొత్త మ్యాపులో నీలం గీతని బడి మూల దగ్గర తిప్పి, మా స్థలంలోకి తెచ్చి, నైరుతి నుంచి దింపాను. కింద తీర్మానం రాశాను, అక్కడ ఇల్లు కట్టరాదని. హేమంత్‌కి చూపించాను. చూసి, "ఇక నన్నడగడం ఎందుకు?" అన్నాడు. అని, సంతకం పెట్టాల్సిన చోట పెట్టాడు. స్థలం మామగారి పేరున ఉంది గనక ఆయన సంతకం కూడా రేపల్లె నుంచి పోస్టులో వచ్చింది. జకరయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని, గీత వెంట వేలితో చివరిదాకా నడిచి, అప్పుడు సంతకం చేశారు. 

మర్నాడు పొద్దున నాగమ్మ పిన్ని పాలు పోయడానికి వచ్చింది. కూలిన గోడ మళ్ళీ కట్టించుకుంది గాని, ఆ ఏడాదిలో మనిషి బాగా తగ్గింది.

"అమ్మాయ్, కొత్త మ్యాపు గీశావంట. ఈ ఏడు నీళ్ళెటు వస్తాయో ముందే చెప్పు, దాన్నిబట్టి సర్దుకుంటాను."

నేను గిన్నె పట్టుకుని గుమ్మంలో కూర్చున్నాను. ఏడు నెలలుగా నోట్లో నానుతున్న మాట.

"పిన్నీ, పోయినేడు నేను గీసింది తప్పు. తెలిసే గీశాను. మా స్థలం తప్పించుకోవడానికి మీ సందులోకి దించాను."

ఆమె పోస్తున్న పాలు ఆపి నా మొహంలోకి చూసింది. తర్వాత నవ్వింది.

"ఊరుకో తల్లీ. తప్పయితే నీళ్ళు అట్టాగే ఎందుకొస్తాయి? ఈ కళ్ళతో చూశాగా."

"మేము మెరక చేశాం గనక వచ్చాయి."

"మెరక ఎవరు చెయ్యరు? మా మరిది చెయ్యలేదా? రేపు నా దగ్గరుంటే నేనూ చేస్తాను" అంది. ఇంక ఆ సంగతి అక్కడితో అయిపోయినట్టు పాలు మళ్ళీ వంచింది. "ఇంతకీ ఈ ఏడు ఎటు?"

"మా స్థలంలోకి."

నాగమ్మ పిన్ని తిరిగి ఎదురుగా చూసింది. గాడి అంచున పిచ్చి తుమ్మలు లేచాయి. షెడ్డు రేకులు ఎప్పుడో అమ్మేశాం, రాటలు మాత్రం ఉన్నాయి. వాటికి ఎవరిదో మేకపిల్ల కట్టేసి ఉంది.

"అయ్యో, మరి మీరు ఇల్లెక్కడ కట్టుకుంటారే?" అంది. అని, లీటరు పాలు పోశాక, నా గిన్నెలో ఎప్పుడూ పోసే కొసరు కన్నా ఇంకో గ్లాసు ఎక్కువ పోసి వెళ్ళింది.